ఉల్లిపొర రంగు చీర

శ్రీరంగప్ప ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నది. కాఫీ చల్లారేలోగా ఒక ఫోటో తీయించాలి. ఎండ ముదిరేలోగా దాన్ని కదిరి బస్సు కండక్టరు చేతికి చేర్చాలి. ఆ తర్వాత నీళ్ల ట్యాంకరు వస్తే నాలుగు కడవలు ఎక్కువ పట్టుకోవాలి. ఈ మూడింట్లో ఆయనకు అనుమానం ఉన్నది ట్యాంకరు మీదే. ధర్మవరంలో ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది.

ఫోటో తీయవలసింది మనిషిని కాదు, పట్టునూలును. కొడుకు ఓబిలేష్‌కు పెళ్లి కుదిరింది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చునేవానికి పిల్లనిచ్చే రోజులు ఎప్పుడో పోయాయి. బెంగుళూరులో గేటు కాసేవానికైనా ఇస్తాం గాని నేతగానికి ఇవ్వమని మొహం మీదే చెప్పి పంపినవాళ్ల పేర్లు శ్రీరంగప్ప నిద్రలో లేపి అడిగినా వరుసగా చెబుతాడు. ముప్పై దాటిన ఓబిలేష్‌కు చివరికి కదిరి పిల్ల నందిని సరే అంది. ఇది తప్పితే ఇక మరొకటి రాదని తండ్రికి తెలుసు, కొడుక్కి తెలుసు, వీధి మొత్తానికీ తెలుసు.

భార్య చౌడమ్మ పోయి నాలుగేళ్లు. ఉత్త జ్వరమే అన్న డాక్టరును శ్రీరంగప్ప క్షమించలేదు. దినానికి వచ్చి పాయసం బాగుందన్న బావమరిదిని క్షమించలేదు. పొయ్యినీ రంగుల గుండిగనూ ఒక్కని నెత్తినే పడేసి పోయినందుకు చౌడమ్మను కూడా పూర్తిగా క్షమించినట్టు లేదు. మనుషుల సంగతి ఎలా ఉన్నా రంగు మాత్రం తనను మోసం చేయదని ఆయన నమ్మకం. పట్టు అద్దకంలో ఆయన ఒక రంగుకు పేరు పెడితే ధర్మవరంలో అదే దాని పేరు.

ఆ ఇంటికి ఒక ఆచారం ఉంది. కోడలి ముహూర్తం చీరను మామగారి ఇంట్లోనే అద్ది, మామగారి మగ్గం మీదే నేయాలి. ఆ చీరను పెళ్లిరోజు పీటల దగ్గరికి తెచ్చేదాకా ఆడపెళ్లివాళ్లు కంటితో చూడకూడదు. దాని నూలు ఒక్క పోగైనా గడప దాటకూడదు. ఈ మాట విన్నప్పుడు నందిని తల్లి యశోదమ్మ నవ్వింది. నిజమని తెలిశాక నవ్వు ఆపేసింది. ఆమెకు భర్త ఉన్నాడు గాని ఆ ఇంట్లో మాట్లాడే పని ఆమెదే.

"మా పిల్ల కట్టే చీర రంగేందో మేము చూడగూడదా? రేపు అది నందినికి నచ్చకపోతే ఎవురు కట్టుకుంటారన్నా, నువ్వా?" అని ఆమె ఫోనులో అడిగింది.

వారం రోజులు ఇటు ఆచారం, అటు యశోదమ్మ పట్టు వదల్లేదు. మధ్యలో నలిగినవాడు ఓబిలేష్. చివరికి దారి వాడే కనిపెట్టాడు.

"ఫోటో పంపుదాం నాయనా. నూలు ఇంట్లోనే ఉంటాది. ఫోటో చూస్తే కంటితో నూలును చూసినట్ల కాదు గదా?"

శ్రీరంగప్ప చాలాసేపు ఆలోచించాడు. పెద్దలు ఫోటో గురించి ఏమీ చెప్పి పోలేదు. సరే అన్నాడు.

ఫోటోకు ఎర్రిస్వామి వచ్చాడు. బస్టాండు దగ్గర స్టూడియో అతనిది. రీలు కెమెరా అమ్మేసి కొత్తగా డిజిటల్ కెమెరా కొన్నాడు. దాన్ని మెడలో వేసుకుని తిరిగేటప్పుడు మెడ కొంచెం వెనక్కి వాల్చేవాడు.

"రీలు లేదు మామా, కడిగేది లేదు. నొక్కితే బొమ్మ. మనిషి ఎట్లుంటే అట్ల కాదు, అంతకన్నా బాగా పడ్తాడు."

"నాకు అంతకన్నా బాగా వద్దు. ఉన్నదున్నట్ల పడితే చాలు" అన్నాడు శ్రీరంగప్ప.

అరుగు మీద నల్ల కంబళి పరిచాడు. రంగు నిజం తెలియాలంటే కింద నలుపే ఉండాలని ఆయన సిద్ధాంతం. దాని మీద ముందురోజు అద్ది ఆరబెట్టిన చిలపను, పట్టునూలు కట్టను, పెట్టాడు. అది వంగపండు రంగు. పొద్దుటెండలో నిగనిగలాడింది. ఎర్రిస్వామి వంగి ఒకసారి, కూర్చుని ఒకసారి నొక్కాడు. కెమెరా వెనక అగ్గిపెట్టంత అద్దంలో ఎండ తప్ప ఏమీ కనిపించలేదు. బస్సుకు వేళైందని అతను స్టూడియోకు పరిగెత్తి, బొమ్మ అచ్చు తీసి, కవరులో పెట్టి కండక్టరుకు ఇచ్చేశాడు. శ్రీరంగప్ప దాన్ని చూడనే లేదు. తన నూలును తాను ఫోటోలో చూసుకోవడం ఎందుకు?

సాయంత్రం ఓబిలేష్ సెల్లుకు యశోదమ్మ ఫోను చేసింది. వాడు మొహం వెలిగించుకుని తండ్రి దగ్గరికి వచ్చాడు.

"శానా నచ్చిందంట నాయనా! ఉల్లిపొర రంగు నందినికి భలే ఒప్పుతాదంట. అదే ఖాయం చేయమనింది. కింద పరిచిన బూడిద గుడ్డ మాత్రం బాగలేదంట."

"ఉల్లిపొర యాడిది? బూడిద గుడ్డ యాడిది?"

"ఏమో, ఆయమ్మ అట్లే అనింది."

శ్రీరంగప్ప మగ్గం పక్కన కూర్చుని ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాడు. వంగపండును ఉల్లిపొర అనే గుడ్డిది లోకంలో ఉండదు. కాబట్టి ఆమెకు వంగపండు నచ్చలేదు. వియ్యంకుని మొహాన ఆ మాట అనలేక, తనకు కావలసిన రంగు పేరు చెప్పి ఊరుకుంది. బూడిద గుడ్డ అనడం కంబళి పాతదని ఎత్తిపొడుపు.

"వద్దనే మాటను ఆడోళ్లు ఇట్లే చెప్తార్రా. మీయమ్మ ముప్పై ఏండ్లు చెప్పింది నాకు" అన్నాడు.

మర్నాడు గుండిగ కింద మళ్లీ పొయ్యి వెలిగింది. కొత్త నూలు ఉడికింది, జిగురు పోయింది, లేత ఉల్లిపొర రంగు పట్టింది. మళ్లీ కంబళి, మళ్లీ ఎర్రిస్వామి, మళ్లీ కదిరి బస్సు. ఈసారి యశోదమ్మ ఇంటి ఫోనుకే చేసింది.

"అన్నా, మేమేం పాపం చేసినాం? పెండ్లికి తెల్లచీర పెడ్తారా ఎవురైనా?"

"తెలుపని ఎవురు చెప్పినారమ్మా? అది ఉల్లిపొర. నువ్వు అడిగిందే."

"ఉల్లిపొర మొన్న పంపినావు. ఇది తెల్లగడ్డ పొర. నా చేతిలోనే ఉండాది ఫోటో."

"నలభై ఏండ్లుగా రంగులద్దుతాండా. నాకు చెప్పొద్దు."

"ఆడదిక్కు లేని ఇల్లని తెలిసే పిల్లనిస్తాండాం. ఆ ఇంట్లో కండ్ల దిక్కు కూడా లేదని ఇప్పుడే తెలిసింది."

శ్రీరంగప్ప ఫోను పెట్టేశాడు. పెట్టేసిన చప్పుడు వంటింట్లో ఉన్న ఓబిలేష్‌కు వినిపించింది. చేతిలోని ముద్ద కంచంలోనే వదిలి వాడు బయటికి పోయి, వీధి చివర నిలబడి, సెల్లులో ఉన్న రూపాయలన్నీ అయిపోయేదాకా క్షమాపణ చెప్పుకున్నాడు. తిరిగి వచ్చాక పెళ్లి ఇంకా నిలిచే ఉందని తెలిసింది. కాకపోతే మొదట పంపినంత నిండు రంగు కావాలట. ఇలా వెలిసిపోయింది వద్దట.

"మొదట పంపింది వంగపండు గదరా?"

"ఆయమ్మ ఉల్లిపొర అంటాంది నాయనా. తెల్లంగ వద్దు, ఉల్లిపొరే కొంచెం నిండుగా కావాల. అంతే. గొడవ పడొద్దు."

శ్రీరంగప్ప గొడవ పడలేదు. దానిమ్మ గింజ రంగు అద్దాడు. జవాబు వచ్చింది: కొంచెం నయం, కాని మొదటిదంత కాదు. దాన్నే మరోసారి ముంచి ముదురు చేశాడు. ఇంకొంచెం నయమట. ఇంకా కాదట.

అద్దకానికి నీళ్లు కావాలి. కడగడానికి ఇంకా ఎక్కువ కావాలి. ట్యాంకరు మూడు రోజులకోసారి వచ్చే వీధిలో శ్రీరంగప్ప ఇంటి కాలవలో రోజుకొక రంగు పారుతుంటే ఎదురింటి అంజనమ్మ ఖాళీ కడవ చంకన పెట్టుకుని వచ్చి నిలబడింది.

"ఏమప్పా, మాకు గొంతు తడుపుకోను నీళ్లు లేవు. నువ్వు ఈడ దినామూ హోలీ ఆడ్తాండావా?"

"నా కొడుకు పెండ్లి."

"ఎంతమంది పెండ్లికూతుర్లప్పా? ఇన్ని రంగులు!"

ఆ మాటతో శ్రీరంగప్పకు తిక్క తలకెక్కింది. ఇంట్లోకి పోయి, మొట్టమొదట అద్దిన వంగపండు చిలప తెచ్చి, ఆ రోజు ఫోటోకు వచ్చిన ఎర్రిస్వామి ముందు కంబళి మీద విసిరాడు.

"ఇది తీసి పంపు ఎర్రిస్వామీ. ఇది చూసినాకైనా ఆయమ్మ ఇంగ ఫోను చేయకుండా ఉంటాది."

ఆమె సాయంత్రానికల్లా ఫోను చేసింది.

"ఇదే అన్నా, ఇదే! మేము మొదట్నుంచీ అడుగుతాండేది ఇదే. చూడు, ఎంత చక్కగా కుదిరిందో ఉల్లిపొర. ఊరికే ఇన్ని దినాలు సతాయించినావు."

శ్రీరంగప్ప ఫోను పట్టుకునే నేల మీద కూర్చున్నాడు. చాలాసేపటి తర్వాత ఆయనకు ఒక సంగతి తట్టింది. కదిరిలో వంగపండును ఉల్లిపొర అంటారు. అంతకు మించి ఇంకేమీ ఉండటానికి వీల్లేదు.

"కదిరి ఉల్లిగడ్డలు అట్ల ఉంటాయేమో నాయనా" అన్నాడు ఓబిలేష్. పెళ్లి నిలిస్తే చాలు, వాడికి ఉల్లిగడ్డ ఏ రంగులో ఉన్నా సమ్మతమే.

వంగపండు పడుగు మగ్గానికెక్కింది. ఓబిలేష్ తన భార్య చీర తానే నేశాడు. అన్నం వేళకు పిలిచినా గుంతలోంచి లేవలేదు. నిండు జరీ అంచు, కొంగున మామిడి పిందెలు. చీర మగ్గం దిగిన రోజు శ్రీరంగప్ప దాన్ని ఎండలో పట్టి చూశాడు. బాగుందని అనలేదు. మడిచేటప్పుడు మాత్రం రెండుసార్లు మడిచాడు.

పెళ్లి ఇంకా అయిదు రోజులుందనగా కదిరి బస్సు కండక్టరు ఒక పొట్లం తెచ్చి ఇచ్చాడు. రవికె గుడ్డ, దానికి జతైన గాజులు. ఫోటో పట్టుకుని కదిరిలో అన్ని దుకాణాలూ తిరిగి రంగుకు రంగు కలిపి కొన్నామనీ, చీర అంచు జరీ దీనికి కుదురుతుందో లేదో చూసి తిప్పి పంపమనీ యశోదమ్మ కబురు. శ్రీరంగప్ప పొట్లం విప్పాడు. గుడ్డ ఉల్లిపొర రంగులో ఉంది. గాజులూ ఉల్లిపొర రంగులోనే ఉన్నాయి. ధర్మవరం ఉల్లిపొర. లోకమంతటా ఉండే ఉల్లిపొర. దాన్ని చీర పక్కన పెట్టాడు. కాసేపటికి చెప్పులు వేసుకుని ఎర్రిస్వామి స్టూడియోకు నడిచాడు.

"మా నూలు ఫోటోలు చూపించు."

ఎర్రిస్వామి కంప్యూటరులో తెరిచాడు. వంగపండు ఉల్లిపొరై కూర్చుంది. ఉల్లిపొర తెల్లబోయింది. నల్ల కంబళి బూడిదైంది.

"ఇదేందిరా?"

ఎర్రిస్వామి కెమెరా తిప్పి చూసి, ఒక బొత్తం మీద వేలు పెట్టి ఆగిపోయాడు. దాని మీద ప్లస్సూ మైనస్సూ గుర్తులున్నాయి.

"అదీ మామా... రెండు నెలల కిందట ముదిగుబ్బ నుంచి ఒక నాయకుడొచ్చినాడు. తెల్ల పంచ, తెల్ల చొక్కా, వెనక తెల్ల గోడ. అంత తెలుపు చూస్తే ఈ కెమెరా బెదిరి, వెలుతురు తగ్గించి, మబ్బుగా తీస్తాది. బట్టలు ఉతకనట్ల పడినాయి. ఆయప్ప తిట్టినాడు. అప్పుడు దీన్ని ప్లస్ రెండుకు పెట్టినా. మల్లెపువ్వు మాదిరి పడినాడు."

"తర్వాత?"

"తర్వాత తీయలేదు."

"మర్చిపోయినావా?"

"మర్చిపోలేదు మామా. అట్లే పెడితే జనమంతా తెల్లంగా పడ్తాండారు. స్టూడియో ముందర వరస నిలబడ్తాండారు. ఎట్ల తీసేది?"

"నూలుకు కూడా అట్లేనా?"

"నేను మొహాలు చూసేవాణ్ణి మామా. నూలుకు మొహం యాడుంటాది? దానికితోడు నువ్వు నల్ల కంబళి పరిచినావు. నలుపు చూస్తే ఇది చీకటనుకోని తనంతట తానే వెలుతురు పెంచుతాది. అదొకటి, నా ప్లస్ రెండొకటి. నలుపుకైతే మైనస్ పెట్టాల్సింది నిజానికి."

శ్రీరంగప్ప క్షమించనివాళ్ల వరసలో అతనికి ఒక చోటు సర్ది ఇంటికి వచ్చాడు.

అయిదు రోజుల్లో మరో చీర కాదు. పడుగు తోడడానికే సరిపోదు. సంగతి విన్న ఓబిలేష్ తండ్రి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నాయనా, ఇంగ ఏమీ అనొద్దు. రవికె తిప్పి పంపి జరీ కుదిరిందని చెప్దాం. చీర చూసినాక ఆయమ్మ తిడితే తిట్టనీ, పడదాం. నువ్వు మాత్రం నోరు తెరవొద్దు. అమ్మ మీద ఆన."

"తెరవనులే."

పెళ్లి కదిరిలో, కల్యాణ మంటపంలో. తెల్లవారుజామున చీర ఉన్న పళ్లెం లోపలికి పోయింది. శ్రీరంగప్ప మొదటి వరసలో కుర్చీ పట్టుకుని, లోపలినుంచి కేక వస్తుందని చెవులు రిక్కించి కూర్చున్నాడు. కేక రాలేదు. కాసేపటికి నందిని వచ్చి పీటల మీద కూర్చుంది. వంగపండు చీర మీద ఉల్లిపొర రవికె. చూసినవాళ్లంతా భలే ఉందన్నారు. యశోదమ్మ ఉప్మాలో ఉప్పు ఎక్కువైందని వంటవాళ్లతో పోట్లాడుతూ వచ్చి, కూతురి వైపు ఒక చూపు విసిరి, మళ్లీ ఉప్మా దగ్గరికే పోయింది.

అంతే. గండం గడిచింది. ఓబిలేష్ తండ్రి వైపు చూసి కన్నులతోనే దణ్ణం పెట్టాడు.

శ్రీరంగప్పకు మాత్రం ఏదో గుచ్చుకుంది. ఇన్ని గుండిగలు మరిగించి, అంత నీళ్లు పోసి, వీధిలో మాటలు పడి అద్దిన రంగు. దాన్ని ఒక్కరూ చూడలేదు. ఇంతలో బంధువులామె ఒకతె యశోదమ్మను అడగడం వినిపించింది.

"ఏం రంగు వదినా ఇది? కొత్తగా ఉండాది."

"ఉల్లిపొర! ఫోటోలు తెప్పించుకోని మేమే ఎంచినాం. ఒప్పుకునేదాకా వదల్లేదు నేను."

వెనక వరసలో ధర్మవరం అద్దకపువాళ్లు కూర్చున్నారు. వాళ్లలో వెంకటరాముడు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అతని భుజాలు కదలడం శ్రీరంగప్ప చూశాడు.

"అమ్మా, అది ఉల్లిపొర కాదు" అన్నాడు.

పీటల మీద ఓబిలేష్ కళ్లు మూసుకున్నాడు.

"ఏమంటాండావన్నా?"

"చీర వంగపండు. రవికె ఉల్లిపొర. రెండూ పక్కపక్కనే ఉండాయి గదా, చూసి చెప్పు."

యశోదమ్మ అప్పుడు చూసింది, మొదటిసారిగా, నిలబడి. చీరను చూసింది, రవికెను చూసింది, అడిగిన బంధువులామెను చూసింది. తర్వాత శ్రీరంగప్ప వైపు తిరిగింది.

"ఉల్లిపొరే."

"ఎట్లమ్మా? తెల్లగడ్డ పొరని నన్ను తిట్టినావే! అంత కండ్లున్న మనిషివి..."

"ఉల్లిపొర కావాలని అడిగినా. ఉల్లిపొర తెచ్చినావు. ఇంగేంది?"

"నేను తేలేదు!"

ఆ అరుపుకు మేళం ఆగింది. పిల్ల పెదనాయన ఈశ్వరప్ప భుజం మీది కండువా సర్దుకుంటూ లేచాడు.

"తేలేదా? అడిగింది కాకుండా వేరేది తెచ్చి పిల్లకు కట్టించినారా? చీర దగ్గరే ఇట్లయితే రేపు కాపురమెట్లప్పా? అయ్యవారూ, కొంచెంసేపు నిలపండి. తేల్చుకుందాం."

అయ్యవారు మంత్రం సగంలో నిలిపాడు. యశోదమ్మ శ్రీరంగప్ప దగ్గరికి వచ్చి, చెవికి మాత్రమే వినబడేలా అంది.

"నాకూ కండ్లుండాయన్నా. నెల దినాలుగా ఊరంతా ఉల్లిపొరని చెప్పుకున్నా. ఇప్పుడు కాదంటే నా మర్యాద పోతాది, నీ కొడుకు పెండ్లి పోతాది. ఒక్క మాట అను."

శ్రీరంగప్ప వెనక వరసను చూశాడు. వెంకటరాముడు కండువా దించి, చెవి ముందుకు వంచి కూర్చున్నాడు. పీటల వైపు చూశాడు. బాసికం కింద ఓబిలేష్ మొహం తాను నేసిన చీర కన్నా ముదురు రంగుకు తిరిగింది. నందిని తల ఎత్తింది.

"మామా, ముహూర్తం పోతాంది" అంది.

"ఉల్లిపొరే" అన్నాడు శ్రీరంగప్ప నేలను చూస్తూ.

"వినపడలేదప్పా" అన్నాడు ఈశ్వరప్ప.

"ఉల్లిపొరే! ఉల్లిపొర రంగే! మేళం వాయించమనండి."

మేళం మోగింది, తాళి పడింది, ఉప్మా అయిపోయింది. ఆ నెలలోనే కదిరి నుంచి ముగ్గురు వచ్చి నందిని కట్టిన ఉల్లిపొరే కావాలన్నారు. శ్రీరంగప్ప ముగ్గురికీ మాట్లాడకుండా వంగపండు అద్ది ఇచ్చాడు. నిజంగా ఉల్లిపొర కావాలని వచ్చిన నాలుగోవాణ్ణి ఆ రంగు ధర్మవరంలో దొరకదని పంపేశాడు.